వడమాలపేటకు వెళ్ళిన జాబులు

నా చిన్నప్పుడు మా నాయన రెండుసార్లు చనిపోయాడు. మొదటిసారి ఆ కబురు ఒక కాగితం మీద వచ్చింది. రెండోసారి ఒక మనిషి నడిచి వచ్చి చెప్పాడు. ఇప్పుడు నాకు తొంభై దగ్గర పడుతోంది. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి కూడా మరిచిపోతున్నాను. ఆ మనిషి మా వాకిట్లో నిలబడిన తీరు మాత్రం నిన్ననే చూసినట్టుంది.

మాది పాకాల. నాయన రైలు కట్ట మీద గ్యాంగు పని చేసేవాడు. గడ్డపార భుజాన వేసుకుని తెల్లవారకముందే వెళ్ళేవాడు, కంకర దుమ్ముతో తిరిగి వచ్చేవాడు. యుద్ధం రోజుల్లో పటాలం వాళ్ళు సంతలో డప్పు కొట్టించి మనుషుల్ని చేర్చుకున్నారు. అది తుపాకీ పట్టే పటాలం కాదు. బర్మా సరిహద్దు కొండల్లో రోడ్లు వేసే పటాలం. "రాయి యాడైనా రాయే గదా, ఈడ కొట్టే రాయి ఆడ కొడతాను" అని మా అవ్వకు నచ్చజెప్పి నాయన రైలెక్కాడు. అప్పుడు నాకు ఆరేళ్ళు. నాయనకు చదువు రాదు. పటాలంలో ఎవరో రాసిపెట్టిన జాబులు రెండు వచ్చాయి. స్టేషనులో టిక్కెట్లిచ్చే గుమాస్తా వాటిని చదివి వినిపించాడు.

సాధారణంగా నేను ఎవరి పేర్లూ చెప్పను. ఇక్కడ ఒక్క పేరు చెప్పక తప్పదు. నాయన పేరు మునస్వామి. మా వైపు మునులకు కొదవ లేదు. మునస్వామి, మునెప్ప, మునిరత్నం, మునెమ్మ. వీధిలో నిలబడి "మునీ" అని పిలిస్తే నలుగురు తలతిప్పేవాళ్ళు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ కాగితం వచ్చింది. ఇంగ్లీషులో అచ్చుకొట్టి ఉంది. నంబరు, పేరు, కొండచరియ విరిగిపడి మరణించాడన్న ఒక్క వాక్యం. టిక్కెట్ల గుమాస్తా దాన్ని మనసులో రెండుసార్లు చదువుకుని, తర్వాత మా అమ్మ ముఖం చూడకుండా చెప్పాడు. ఆ వారంలోనే అమ్మ చేతి గాజులు పోయాయి, నుదుటి బొట్టు పోయింది. పాతికేళ్ళు కూడా నిండని మనిషి. శవం లేదు, బూడిద లేదు. నాయన విడిచి వెళ్ళిన పంచె ఒకటి పీట మీద పెట్టి దానికే అన్నీ చేశారు. మరుసటి ఏడాది నుంచి కాగితంలో ఉన్న ఆ రోజున అమ్మ స్నానం చేసి, వండి, ఆకు వేసి అన్నం పెట్టేది. తర్వాత గ్యాంగు పనికి అమ్మే వెళ్ళసాగింది.

యుద్ధం ముగిసింది. పటాలాల్లోంచి మనుషులు ఇళ్ళకు తిరిగి రావడం మొదలైంది. ఏ రైలు ఆగినా ఖాకీ బట్టలు దిగేవి. అవ్వ మాత్రం స్టేషను వైపు చూడటం మానేసింది.

ఆ వేసవిలో ఒక పొద్దున ఒకాయన మా ఇల్లు అడుగుతూ వచ్చాడు. నలభై దాటిన మనిషి. ఖాకీ నిక్కరు, మామూలు చొక్కా, నెరిసిన గడ్డం. చంకలో గుడ్డసంచి. పలమనేరు సాయిబు అని, నాయన ఉన్న పటాలంలో గుమాస్తా పని చేశానని చెప్పుకున్నాడు. నాయనతో కలిసి ఉన్న మనిషి అనగానే అవ్వ ఆదరంగా మంచం వాల్చింది. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన కూర్చోలేదు. నీళ్ళు కూడా ముట్టలేదు.

"ముందు నా మాట వినండమ్మా. విన్న తర్వాత కూడా మీకు ఇవ్వాలనిపిస్తే తాగుతా" అన్నాడు.

తర్వాత ఆయన చెప్పింది ఇది. పటాలంలో ఒకే రోజు చేరిన మునస్వాములు ఇద్దరున్నారు. ఒకరిది పాకాల, ఒకరిది వడమాలపేట. ఇద్దరి నంబర్లూ పక్కపక్కనే. ప్రతి సిపాయి పేరు, ఊరు, చేరిన రోజు, చేసిన పని, పడిన జబ్బు, అన్నీ రాసి ఉంచే పుస్తకం ఈయన చేతిలో ఉండేది. ఒక వానాకాలం గుడారంలోకి నీళ్ళొచ్చి ఆ పుస్తకం తడిసిపోయింది. ఆరబెట్టి కొత్త పుస్తకంలోకి ఎత్తి రాశాడు. రాసేటప్పుడు ఆ రెండు నంబర్ల దగ్గర ఊళ్ళు తారుమారయ్యాయి. కొండచరియ విరిగిపడి పోయింది వడమాలపేట మునస్వామి. కాగితం వచ్చింది మా ఇంటికి.

అమ్మ చేతిలో చెంబు అట్లాగే ఉంది. అవ్వ ఒక్క ఉదుటున లేచి, "అయితే నా కొడుకు ఉండాడా? యాడుండాడు?" అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "లేడమ్మా. ఆ తర్వాత ఏడు నెలలకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో పోయినాడు. ఆ కాగితం వడమాలపేటకు పోయింది. తప్పు ఇంకెవరిదీ కాదు. నాది. నా చేతిది."

మళ్ళీ బతికిన కొడుకు రెండు మాటల నడుమ మళ్ళీ పోయాడు. అవ్వ వంగి వాకిట్లో మట్టి గుప్పిట నిండా తీసి ఆయన మీద విసిరింది. "ఇంతకాలం గమ్మునుండి ఇప్పుడెందుకొచ్చినావు? మా కడుపు ఇంకోసారి కాల్చేదానికా?" అని అరిచింది. గడ్డం మీద, చొక్కా మీద మట్టి పడింది. ఆయన దులుపుకోలేదు, వెనక్కి జరగలేదు.

అమ్మ చెంబు కింద పెట్టి వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఆయన ఉండగానే నేను గాజులు పగలగొట్టుకున్నానా అన్నా?"

"అవునమ్మా" అన్నాడు ఆయన. ఆ తర్వాత నిలబడిన చోటే ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. పెద్ద మగవాడు అట్లా ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఇంత ఆలస్యంగా ఎట్లా తెలిసిందో తర్వాత చెప్పాడు. యుద్ధం అయిపోయాక పటాలాన్ని మూసేస్తూ, దాని చరిత్రంతా రాసి పెట్టమని దొర ఈయనకు పని అప్పగించాడట. ఏ నెలలో ఎక్కడున్నారు, ఏ రోడ్డు వేశారు, ఎవరు వచ్చారు, ఎవరు పోయారు. అందుకోసం తడిసిన పాత పుస్తకాన్నీ కొత్త పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని సరిచూస్తుంటే ఆ రెండు వరుసలు కళ్ళబడ్డాయి. దొరతో చెబితే, ఇద్దరూ పోయినవాళ్ళే కదా, చరిత్రలో దిద్దేసి ఇళ్ళకు చెరో కాగితం పంపు, చాలు అన్నాడట.

"నాకు మనసొప్పలేదు. కాగితం పంపితే, మీరు నన్ను అడగాల్సిన మాటలు ఎవుర్ని అడుగుతారు?" అన్నాడు ఆయన.

ఆ మాటకు అవ్వ అరవడం ఆపింది. అమ్మ అడిగిన రెండో ప్రశ్న, ఆ ఏడు నెలల్లో నాయన ఏమన్నా రాయించాడా అని. నాలుగు జాబులు రాయించాడు. రాసింది ఈయనే. జాబు మీద చిరునామా నంబరు చూసి పుస్తకంలోంచి ఎక్కించేవాడు కాబట్టి నాలుగూ వడమాలపేటకు వెళ్ళాయి. ఆయన అక్కడికే బయలుదేరుతున్నాడు, ఆ ఇంట్లో కూడా నిలబడి చెప్పడానికి.

"మేమూ వస్తాం. రేపు పొద్దున బండికి పోదాం" అంది అమ్మ. ఆయన ఆ రాత్రి స్టేషనులోనే పడుకున్నాడు.

మరునాడు అమ్మ, నేను, ఆయన తిరుపతి బండి ఎక్కాం. అమ్మ ఆయన్ని అన్నా అంది కాబట్టి నేను మామా అన్నాను. చొక్కా మీద మట్టి మరక అట్లాగే ఉంది. సంచిలోంచి నోటుపుస్తకం తీసి, చరిత్ర కోసం తను తెలుగులో ఎత్తి రాసుకున్న చిత్తు చూపించాడు. అప్పటికి నేను మూడో తరగతి పూర్తి చేశాను. నాయన పేరు దొరికింది. చేరిన నెల, పని చేసిన మూడు రోడ్లు, ఆసుపత్రిలో చేరిన రోజు, పోయిన రోజు. మొత్తం ఒక వరుసన్నర.

"ఇంతేనా మామా?" అన్నాను.

"పుస్తకంలో ఇంతే పట్టింది పాపా. మిగతాది నేను సెప్తాను" అన్నాడు.

తిరుపతి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. పటాలంలో మా నాయన్ని గడ్డపార ముని అనేవాళ్ళట. వడమాలపేట ఆయన్ని పొడుగు ముని అనేవాళ్ళట. మనుషుల్లో ఎవరూ పొరబడలేదు, పొరబడింది తన పుస్తకం ఒక్కటే అన్నాడు. నాయన గడ్డపారతో నేల మీద ఒక్క పోటు పొడిచి, ఆ చప్పుడు విని, లోపల నీటి ఊట ఉందనీ ఇక్కడ రోడ్డు కుంగుతుందనీ చెప్పేవాడట. మొదట దొర నవ్వాడు. రెండుచోట్ల రోడ్డు కుంగాక, కొలతలు వేసే ముందు నాయన్ని పిలిపించేవాడు. ఒకసారి మాటల్లో నాయన పాకాల స్టేషను అన్నాడట. అది రైలు దిగే ఊరేమో అనుకుని తను పట్టించుకోలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కిటికీ బయటికి చూశాడు.

టపా వచ్చే రోజున నాయన గుడారం ముందుకొచ్చి నిలబడేవాడట. "నాకేమన్నా జాబు వచ్చిందా సామీ?" అని అడిగేవాడట. లేదంటే, "ఇంటికాడ పనులుంటాయిలే. తీరిక ఉండదు" అని మా తరఫున తనే చెప్పుకుని వెళ్ళిపోయేవాడట. అది విన్నప్పుడు అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చంద్రగిరి కోట కిటికీలోంచి వెళ్ళిపోయింది. ఎవరమూ దాన్ని చూడలేదు.

తిరుపతిలో బొగ్గుతో నడిచే బస్సు ఎక్కి వడమాలపేట చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ ఇంటామె వాకిట్లో చేట ముందు పెట్టుకుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. మా అమ్మ ఈడుదే. పిల్లలు లేరు. అన్న ఇంట్లో ఉంటోంది. పటాలం నుంచి వచ్చానని మామ అనగానే ఆమె ముఖం గట్టిపడింది.

"ఆ మనిషి ఊసు నాకొద్దు. పోయినాడు, పీడ వదిలింది" అంది, కాయలు ఒలవడం ఆపకుండా.

మామ ఇక్కడా కూర్చోలేదు. మా వాకిట్లో చెప్పినట్టే నిలబడి మొత్తం చెప్పాడు. ఆయన చెబుతూ ఉంటే ఆమె చేతులు నెమ్మదించాయి, తర్వాత ఆగిపోయాయి. చేట పక్కకు జరిపి లోపలికి వెళ్ళి, చూరులో దోపిన జాబుల కట్ట తెచ్చింది.

"ఇవేనా?" అంది. "ఇదిట్ల సూడన్నా. టపా ఆయన వీధిలో నిలబడి సదివినాడు. పాపను బడికి పంపినావా అని ఉండాది. నాకు పాప యాడుండాది? ఇంకొకతెను పెట్టుకున్నాడు, ఆ ఇంటికి రాయాల్సింది మతి తప్పి ఈడికి రాసినాడు అని ఊరంతా నవ్వినారు. వచ్చినాక మొగం మీద కొట్టి అడగాలని దాచిపెట్టినా. అడగకుండానే సచ్చినాడని కాగితమొచ్చె. నేను కంట నీళ్ళు పెట్టలేదు. ఒక్క మెతుకు పెట్టలేదు ఆయన పేరు మీద."

జాబులు అమ్మ చేతికిచ్చింది. అమ్మ వాటిని నా చేతికిచ్చింది. నేను వాకిట్లో నిలబడి మొదటి జాబు చదివాను.

"ఇంటిదానికి రాయించునది. ఈడ కొండ విరిగి మా వాళ్ళు కొందరు పోయినారు. నేను ఆ పూట ఇంకో పక్క ఉండినాను. నాకేమీ కాలేదు. కబురు తెలిసి మీరు బెదిరి ఉంటారని ఇది రాయిస్తా ఉండాను. పాపను బడిలో వేసినావా? వేయకుంటే వెయ్యి. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుండాది?"

తను బతికే ఉన్నానని నాయన రాయించిన జాబు అది. మా ఇంటికి చేరి ఉంటే అమ్మ గాజులు ఇంకో ఏడు నెలలు ఉండేవి. ఆ రోజుల్లో మొగుడు పెళ్ళాం పేరు పలకడు కనుక జాబులో అమ్మ పేరు లేదు, నా పేరూ లేదు. ఆ రెండు పేర్లలో ఒక్కటి రాయించి ఉన్నా టపా ఆయనకు అనుమానం వచ్చేదేమో.

చివరి జాబు పొట్టిది. "ఇన్ని జాబులు రాయించినా జవాబు లేదు. మీ మీద కోపం లేదు, పనులుంటాయని నాకు తెలుసు. పాపకు ఈపాటికి అక్షరాలు వచ్చేసుంటాయి గదా. దాని చేతనే రాయించు. రెండు ముక్కలు చాలు."

ఆ రెండు ముక్కలూ చదివి, జాబు మడిచి అమ్మ చేతికిచ్చాను. అక్షరాలు నాకు అప్పటికే వచ్చు. పలక మీద ఊరికే రాసి తుడిపేసిన రోజులవి.

వడమాలపేట ఆమె మామ వైపు తిరిగింది. "అయితే మావాడు ఇవేవీ రాయించలేదా?" అని అడిగింది.

"లేదమ్మా. ఆయన ఎప్పుడూ జాబు రాయించలేదు. రాస్తాను సెప్పప్పా అంటే, మా ఇంటిదాంతో మాట్లాడాల్సింది నేనే పోయి మాట్లాడతా, నీకెందుకు సెప్తా అని నవ్వేవాడు. కొండ విరిగిన పూట పైన రాళ్ళు దొర్లుతుంటే కింద పని చేసేవాళ్ళను అరిచి పంపేసినాడు. తను రాలేకపోయినాడు."

అప్పుడామె ఏడ్చింది. ఇంతకాలం ఏడవని ఏడుపంతా ఒక్కసారి ఏడ్చింది. ఆమె అన్న, వదిన పరుగెత్తుకొచ్చారు. మొగుడు పోయినందుకు కాదు, మొగుడు మంచివాడని తెలిసినందుకు ఏడుస్తోందని వాళ్ళకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మా అమ్మ వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"నీ మొగుణ్ణి నా నోటితో నానా తిట్లు తిట్టినాను సెల్లే" అంది ఆమె.

"నేను నీ మొగుడికి రెండేండ్లుగా అన్నం పెడతా ఉండాను అక్కా. ఆయన పోయిన రోజునే పెట్టినాను. పస్తు లేడు" అంది అమ్మ.

ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి ఆమె నన్ను దగ్గరికి పిలిచి నా ముఖం తడిమి చూసింది. "నాకొక బిడ్డ ఉండాదని జాబులొచ్చినాయి. బిడ్డ ఇప్పుడొచ్చింది" అంది.

బయలుదేరే ముందు మామ నోటుపుస్తకంలోని రెండు వరుసలూ నా చేత పైకి చదివించాడు. ఊళ్ళు సరిగ్గా ఉన్నాయా అని ఇద్దరు ఆడవాళ్ళనూ అడిగాడు. సరిగ్గా ఉన్నాయన్నాక కింద ఏదో గీత గీసుకుని సంచిలో పెట్టుకున్నాడు. ఆమె వదిన ఇచ్చిన మజ్జిగ ఆయన గటగటా తాగాడు. మా వాకిట్లో అడుగుపెట్టినప్పటి నుంచి మా కళ్ళముందు ఆయన ఏమైనా తాగడం అదే. మమ్మల్ని బస్సెక్కించి, వేరే దారిన వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మేమెప్పుడూ ఆయన్ని చూడలేదు. పటాలం చరిత్ర అచ్చయిందో లేదో, అందులో ఆ వరుసన్నర ఉందో లేదో కూడా నాకు తెలియదు.

మా అవ్వ ఆయన్ని క్షమించలేదు. అమ్మ క్షమించిందో లేదో నేనెన్నడూ అడగలేదు. ఆయన గురించి ఎవరైనా తక్కువగా మాట్లాడితే మాత్రం, "వచ్చి నిలబడినాడు గదా" అనేది. వడమాలపేట ఆమె నాకు పెద్దమ్మ అయింది. నా పెళ్ళికి వారం ముందే వచ్చి కూర్చుంది. నాయన పోయిన అసలు రోజున ఆమె, పొడుగు ముని పోయిన రోజున అమ్మ, ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళి కలిసి అన్నం పెట్టేవాళ్ళు. ఇద్దరూ పోయాక ఆ రెండు ఆకులూ నేనే వేస్తున్నాను.

ఆ మామ నేర్పింది నేను పాటించగలిగినంత పాటించాను. పంతులమ్మగా ముప్పై ఏళ్ళు పని చేశాను. పిల్లవాడిని అన్యాయంగా కొట్టానని తెలిసిన రోజున వాళ్ళ ఇంటికి నడిచి వెళ్ళి వాళ్ళమ్మ ముందు నిలబడ్డాను. అడగాల్సినవి అడగనిచ్చాను. కష్టమే, కానీ అది నాకు చేతనయిన పని. చేతకానిది ఒకటుంది. నాయన టపా గుడారం ముందు నిలబడిన ఆ ఏడు నెలలు. వాటిని ఎవరు దిద్దగలరు?

అందుకని నాకు వచ్చిన ఏ జాబునూ జవాబు రాయకుండా ఒక్క రోజు కూడా ఉంచలేదు. ఇప్పుడు జాబులు రావు. ఫోన్లు వస్తాయి. అందులో సగం ఎవరికో చేయబోయి మాకు చేసినవి. పెట్టెయ్ అవ్వా, రాంగ్ నంబరు అని మనవరాలు విసుక్కుంటుంది. నేను పెట్టను. "ఇది నువ్వనుకున్న ఇల్లు కాదు నాయనా. నంబరు ఇంకోసారి సరిగ్గా చూసుకో. మీవాళ్ళు పలకలేదని మాత్రం అనుకోవద్దు" అని, అవతలి మనిషి సరేననేదాకా చెబుతాను.